వంశవృక్షం ఏమి చెప్పగలదు? — కార్నెగీ ఆత్మకథ తొలి అధ్యాయంపై ఒక విమర్శ

ఆండ్రూ కార్నెగీ స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్ పట్టణంలో 1835 నవంబరు 25న ఒక చేనేత పనివాని ఇంట జన్మించాడు. 1848లో తల్లిదండ్రులతోను తమ్మునితోను అమెరికాకు వలస వెళ్లాడు. అక్కడ ఒక నూలు మిల్లులో కండెలు అందించే కుర్రవానిగా చేరాడు. వారానికి కూలి ఒక డాలరు ఇరవై సెంట్లు. 1901లో ఆయన తన ఉక్కు సంస్థను అమ్మివేసినప్పుడు పలికిన ధర 48 కోట్ల డాలర్లు. ఆ ధనంతో వివిధ దేశాలలో రెండున్నర వేలకు పైగా గ్రంథాలయాలు వెలిశాయి. 1919లో కార్నెగీ మరణించగా, మరుసటి సంవత్సరం జాన్ వాన్ డైక్ సంపాదకత్వంలో ఆయన ఆత్మకథ వెలువడింది.

ఈ గ్రంథాన్ని సాధారణంగా ఒక బీద బాలుడు కోటీశ్వరుడైన కథగా చదువుతారు. ఈ వ్యాసంలో మనం పరిశీలించేది అది కాదు. గ్రంథారంభంలో కార్నెగీ తన తాతలను, తల్లిదండ్రులను, మేనమామలను పరిచయం చేస్తూ, తన స్వభావంలో ఏ అంశం ఎవరి నుండి వచ్చిందో కూడా చెబుతాడు. వలస వెళ్లిన ఒక వ్యక్తి తన పూర్వులను గూర్చి ఇచ్చిన వాఙ్మూలం ఇది. దీనిలో ఎంతవరకు సాక్ష్యం ఉన్నది, ఎక్కడ ఊహ మొదలైనది అనే ప్రశ్న విజ్ఞాన శాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించగలదు.

రచయిత వాఙ్మూలం

తండ్రి విలియం కార్నెగీ అవిసెనారతో డమాస్క్ అనే పూల అల్లిక బట్టలు నేసేవాడు. తండ్రి తండ్రి పేరు కూడా ఆండ్రూ కార్నెగీయే. డన్‌ఫర్మ్‌లిన్‌కు సమీపంలోని పాటీమ్యూర్ గ్రామంలో హాస్యానికి, కథలు చెప్పటానికి పేరు పడ్డ మనిషి. తల్లి మార్గరెట్ మారిసన్. ఆమె తండ్రి టామస్ మారిసన్ తోలు వర్తకుడు. వాటర్లూ యుద్ధం ముగిసి శాంతి నెలకొన్న తరువాత అతని వ్యాపారం దెబ్బ తిన్నది. తీవ్ర రాజకీయ భావాలు గలవాడు, వక్త, రచయిత. ఆంగ్ల పత్రికారచయిత విలియం కాబెట్‌కు మిత్రుడు. చేతిపనుల విద్య అవసరాన్ని గూర్చి ఒక వ్యాసం కూడా వ్రాశాడు.

తన ఆశావాదం, కష్టాలను నవ్వుతూ దులుపుకొనే గుణం పాటీమ్యూర్ తాత నుండి సంక్రమించినవని కార్నెగీ భావిస్తాడు. వ్రాయాలనే తహతహ మాత్రం మారిసన్ తాతది అంటాడు. ఇంకొక ముచ్చట కూడా చెబుతాడు. ఇరవై ఏడవ యేట ఆయన స్వగ్రామానికి తిరిగి వెళ్లినప్పుడు, మాటల మధ్యలో మేనమామ కళ్ల వెంట నీళ్లు వచ్చాయట. మేనల్లుని హావభావాలలో ఎక్కడో తన తండ్రి మెరుపులాగా కనిపించి మాయమవుతున్నాడని ఆయన చెప్పాడట.

ఈ కథనంలో మెచ్చుకొనవలసిన విషయం ఒకటి ఉన్నది. కార్నెగీ అనేది స్కాట్లండులో ఒక ప్రభువంశానికి చెందిన ఇంటిపేరు కూడా. సౌథెస్క్ ఎర్లులు, నార్థెస్క్ ఎర్లులు కార్నెగీలే. ఈ ఇంటిపేరు ఆంగస్ ప్రాంతంలోని ఒక భూమి పేరును బట్టి వచ్చినది. సంపన్నుడైన వలసదారు తన ఇంటిపేరును ఇట్టి ప్రభువుల వంశానికి ముడివేసుకొనటం కొత్త కాదు. కార్నెగీ మాత్రం మగ్గం దగ్గర నుండి, తోలుపని దగ్గర నుండి తన కథ ప్రారంభిస్తాడు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే ధోరణి ఇక్కడ లేదు. తనకు తెలిసిన మనుష్యులతో మొదలుపెట్టటం వంశ పరిశోధనలో మొదటి నియమం. దానిని ఆయన, తెలిసో తెలియకో, పాటించాడు.

కాగితాల సాక్ష్యం

కుటుంబ జ్ఞాపకానికి వెలుపల ఏ సాక్ష్యం దొరుకుతుంది? స్కాట్లండు ఈ విషయంలో అదృష్టవంతమైన దేశమని చెప్పవచ్చు. అక్కడ జనన మరణ వివాహాలను ప్రభుత్వం నిర్బంధంగా నమోదు చేయటం 1855 జనవరి 1న ఆరంభమైనది. ఆ మొదటి సంవత్సరపు పత్రాలలో ఉన్నన్ని వివరాలు తరువాత ఎన్నడూ లేవు. మరణ పత్రంలో మృతుని తల్లిదండ్రుల పేర్లతోపాటు పుట్టిన ఊరు, సంతానం పేర్లు కూడా వ్రాసేవారు. నమోదు చేసేవారికి ఈ శ్రమ భారం కావటంతో మరుసటి ఏటనే వివరాలు తగ్గించారు. అయినప్పటికి తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా, నిలిచాయి. స్త్రీ వివాహానంతరం కూడా దస్తావేజులలో పుట్టింటిపేరు నిలుపుకొనటం స్కాట్లండు ఆచారం. కనుక అక్కడ తల్లి వైపు శాఖను వెదకటం ఇంగ్లండులో కంటె సులభం.

1855కు పూర్వం ఆధారం చర్చి పుస్తకాలు. వీటిలో అన్నిటికంటె పాతది పెర్త్‌షైరులోని ఎరల్ గ్రామానిది, 1553 నుండి ఉన్నది. అయితే ఈ పుస్తకాలు ప్రజలందరి లెక్క కావు. స్కాట్లండు అధికార చర్చి నుండి విడిపోయిన శాఖల వారి పేర్లు వీటిలో తరచు కనిపించవు. 1783 నుండి 1794 వరకు ఒక్కొక్క నమోదుకు మూడు పెన్నీల పన్ను ఉండేది. పన్ను తప్పించుకొనటానికి నమోదు మానుకొన్నవారు ఉన్నారు. ఒక పేరు పుస్తకంలో లేనంత మాత్రాన ఆ మనిషి లేడని చెప్పటానికి వీలు లేదు. విజ్ఞాన శాస్త్రంలో వలెనే ఇక్కడ కూడా, సాక్ష్యం దొరకకపోవటం వేరు, వ్యతిరేక సాక్ష్యం దొరకటం వేరు.

ఇక కార్నెగీ కుటుంబం సంగతి చూద్దాము. పేరుపేరునా మనుష్యులను వ్రాసిన జనాభా లెక్క స్కాట్లండులో 1841తో మొదలైనది. దానిలో పదిహేనేళ్లు దాటినవారి వయస్సును అయిదు గుణకానికి తగ్గించి వ్రాయమని ఆదేశం. ముప్పది నాలుగేళ్లవాడు ముప్పదేళ్లవాడుగా కనిపిస్తాడు. పుట్టిన ఊరు అడగలేదు, అదే జిల్లాలో పుట్టాడా లేదా అని మాత్రమే అడిగారు. పుట్టిన ఊరు వ్రాయటం 1851 లెక్కలో ఆరంభమైనది. అప్పటికి కార్నెగీలు సముద్రం దాటి మూడేళ్లయింది.

1848 మే 17న వారు డన్‌ఫర్మ్‌లిన్ విడిచి, గ్లాస్గో రేవులో విస్కాసెట్ అనే తెరచాప ఓడ ఎక్కారు. బ్రిటిషు రేవులు విడిచే ప్రయాణికుల జాబితాలను క్రమంగా భద్రపరచటం 1890 నుండి మాత్రమే కనిపిస్తుంది. అమెరికా రేవులలో దిగేవారి జాబితాలు 1820 నుండి ఉన్నవి. కాని వాటిలో సాధారణంగా దేశం పేరు తప్ప ఊరి పేరు ఉండదు. 1850 నాటి అమెరికా జనాభా లెక్కలో కూడా విదేశీయులకు దేశం పేరే ఉంటుంది. విలియం కార్నెగీ 1855లో అమెరికాలోనే మరణించాడు. అదే సంవత్సరం డన్‌ఫర్మ్‌లిన్‌లో కన్ను మూసి ఉంటే, అతని తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు ఒకే కాగితం మీద మనకు దొరికేవి. వలసదారుని చరిత్రలో ఇట్టి ఖాళీలు సహజం. రెండు దేశాల లెక్కల మధ్య అతడు జారిపోతాడు. కార్నెగీ ప్రసిద్ధుడు కనుక ఆ ఖాళీని ఆత్మకథ పూరించింది. సామాన్యుని వంశీకులు సమాధి రాళ్ల మీద, పాత ఉత్తరాల మీద ఆధారపడవలసినదే.

పేర్లు పెట్టే ఆచారం కొంత సహాయపడుతుంది. స్కాట్లండులో మొదటి కుమారునికి తండ్రి తండ్రి పేరు, రెండవ కుమారునికి తల్లి తండ్రి పేరు పెట్టటం చాలా కుటుంబాలలో వాడుక. కార్నెగీ సోదరులలో పెద్దవాడు ఆండ్రూ, చిన్నవాడు టామస్ మారిసన్. తాత పేరు మనుమనికి పెట్టే మన కుటుంబాలకు ఇది వింతగా తోచదు. కాని ఇది వెదకవలసిన దిక్కు చూపే సూచన మాత్రమే. ఆచారం పాటించని కుటుంబాలు ఎన్నో ఉన్నందున దీనిని రుజువుగా తీసుకొనరాదు.

ఇంతవరకు చూచిన దానిని బట్టి, ఎవరు ఎవరి సంతానం అనే విషయంలో కార్నెగీ మాట నమ్మదగినదే. చిక్కు అంతా ఆ తరువాతి అడుగులో ఉన్నది.

రెండు తాతల లెక్క

ప్రతి మనిషికి నలుగురు తాత అవ్వలు. కార్నెగీ తన స్వభావాన్ని ఇద్దరు తాతల మధ్య పంచిపెట్టాడు. అమ్మమ్మ ఎడింబరోకు చెందిన హాడ్జ్ ఇంటి ఆడపడుచు, విద్యావతి అని గౌరవంగా చెబుతాడు. కాని తాతలకు దక్కిన చోటు అవ్వలకు దక్కలేదు. జన్యుశాస్త్రం ఇట్టి పక్షపాతాన్ని అంగీకరించదు. మన కణాలలోని క్రోమోజోములలో సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి వస్తాయి. తాత అవ్వలలో ఒక్కొక్కరి వాటా సుమారు నాలుగవ వంతు. క్రోమోజోములు ముక్కలు మార్చుకొంటూ తరువాతి తరానికి పోతాయి కనుక ఆ వాటా కొంత హెచ్చవచ్చు, తగ్గవచ్చు.

ఇంకా వెనుకకు పోయిన కొద్దీ లెక్క విచిత్రంగా మారుతుంది. పది తరాల వెనుక వంశవృక్షంలో 1024 స్థానాలు ఉంటాయి. క్రోమోజోములు తరతరానికి తెగే సంఖ్య పరిమితం. కనుక ఆ 1024 మందిలో దాదాపు సగం మంది నుండి మనకు ఒక్క డీ.ఎన్.ఏ. ముక్క కూడా వచ్చి ఉండదు. వారు కాగితం మీద మన పూర్వులే, అయినా మన శరీరంలో వారి జాడ లేదు. కనుక ఎన్నో తరాల నాటి ఒక వీరుని పేరు చెప్పి, ఆ రక్తం నాలో ప్రవహిస్తున్నది అనటంలో అర్థం చాలా స్వల్పం.

ఇంటిపేరు సంగతి కూడా ఇట్టిదే. తండ్రి నుండి కుమారునికి దాదాపు మార్పు లేకుండా సంక్రమించే వై క్రోమోజోము ఇంటిపేరు వెంట నడుస్తుంది. అందుచేతనే వంశ పరిశోధకులు దానిని పరీక్షిస్తారు. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు బ్రయన్ సైక్స్ స్కాట్లండులోని మెక్‌డొనాల్డ్ తెగను ఇట్లు పరిశీలించాడు. ఈ తెగ నాయకులు 1164లో మరణించిన సోమర్లెడ్ అనే ప్రభువు సంతతివారమని చెప్పుకొంటారు. నాయక కుటుంబాల పురుషులలో ఒకే వై క్రోమోజోము కనిపించినది. సంప్రదాయం ఇంతవరకు నిలిచినది. అయితే సోమర్లెడ్ పూర్వులు ఐర్లండు వీరులని పాత వంశావళి చెబుతుండగా, ఆ క్రోమోజోము నార్వే ప్రాంతపు రకం అని తేలినది. పైగా, మెక్‌డొనాల్డ్ అనే ఇంటిపేరు గల పురుషులలో చాలామందికి ఆ క్రోమోజోము లేనే లేదు. నాయకుని ఆశ్రయించిన కౌలుదారులు, అనుచరులు కూడా అతని ఇంటిపేరు ధరించటం దీనికి ఒక కారణం. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన దాయాదులు కారన్నమాట. మరి ఈ పరీక్ష చూపేది పది తరాల నాటి 1024 స్థానాలలో ఒకే ఒక్కదానిని అని మరువరాదు.

గుణాలు సంక్రమించాయా?

ఆశావాదం, వ్రాతపై ఆసక్తి వంటి గుణాలలో అనువంశికతకు పాత్ర లేదని ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన పరిశోధనలు మానవ స్వభావంలోని భేదాలకు జన్యువులు కొంతవరకు కారణమని చూపాయి. కాని ఆ ఫలితాలు జనసమూహాలకు సంబంధించిన సగటులు. ఇట్టి గుణం వెనుక ఒక జన్యువు కాదు, వేలకొలది జన్యుభేదాలు స్వల్ప స్వల్ప ప్రభావాలతో పనిచేస్తాయి. అవి నలుగురు తాత అవ్వల నుండి కలగాపులగంగా వస్తాయి. ఒక వ్యక్తిని చూపి, ఇతని నవ్వు ఫలానా తాతది అని చెప్పటానికి ఏ పద్ధతీ లేదు.

మేనమామ కన్నీటి కథను ఈ దృష్టితో చూడవలె. ఆయన చూచినది అబద్ధమని అనటం లేదు. కాని ఆండ్రూ పన్నెండేళ్ల వరకు మారిసన్ల మధ్య పెరిగాడు. ఆపైన కూడా తల్లి పక్కనే ఉన్నాడు. మారిసన్ తాత తల ఊపే తీరు, చేయి కదిపే తీరు కుమార్తె నేర్చుకొని ఉండవచ్చు, ఆమెను చూచి మనుమడు నేర్చుకొని ఉండవచ్చు. ఒకే ఇంటిలో రక్తమూ పెంపకమూ కలిసే వస్తాయి. వాటిని వేరుచేయాలంటే వేరుచోట పెరిగిన బిడ్డలను పరిశీలించవలె. ఒక కుటుంబపు ముచ్చట ఎంత హృద్యమైనా ఆ పని చేయలేదు.

ఆశ్చర్యమేమంటే, కార్నెగీ ఎదుగుదలకు కారణాలు అదే గ్రంథంలో, ఆ అధ్యాయాలలోనే ఉన్నవి. చుట్టమైన జార్జి లాడర్ ఆ పిల్లవానికి స్కాట్లండు చరిత్రను కథలుగా చెప్పి, కవితలు కంఠస్థం చేయించాడు. ఆవిరి మగ్గాలు వచ్చి చేతి మగ్గాలను మూలపడవేసినవి. తనకు ఇక పని దొరకదని తండ్రి ఇంటికి వచ్చి చెప్పిన రోజును కుమారుడు మరువలేదు. మగ్గాలు అమ్మగా వచ్చిన సొమ్ము ఓడ ఖర్చులకు చాలలేదు. తల్లి స్నేహితురాలు ఇరవై పౌనులు అప్పు ఇచ్చింది. అమెరికాలో దిగేసరికి, ముందే అక్కడకు చేరిన పినతల్లుల ఆసరా ఉన్నది. ఇరవై పౌనుల అప్పు లేకపోతే పాటీమ్యూర్ తాత నవ్వు డన్‌ఫర్మ్‌లిన్‌లోనే ఉండిపోయేది. ఈ సంఘటనలను రచయిత కృతజ్ఞతతో వర్ణిస్తాడు. కాని స్వభావానికి కారణం చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం రక్తం వైపు తిరుగుతాడు. ఈ అధ్యాయంలోని ముఖ్య లోపం ఇదేనని చెప్పవలె.

ఊహ శాసనమైనప్పుడు

తాతను తలచుకొని ముసలితనంలో వ్రాసిన నాలుగు మాటలను ఇంతగా విమర్శించటం ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆ మాటలు వ్రాసిన కాలాన్ని గుర్తుచేసుకొంటే కారణం తెలుస్తుంది. కార్నెగీ 1902లో స్థాపించిన విజ్ఞాన సంస్థ ఖగోళశాస్త్రానికి, జీవశాస్త్రానికి గొప్ప సేవ చేసినది. అదే సంస్థ 1904లో న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో చార్లెస్ డావెన్‌పోర్ట్ అధ్యక్షతన ఒక పరిశోధన కేంద్రం నెలకొల్పినది. 1910లో వేరొక దాత ధనంతో అక్కడే ఒక సుప్రజననశాస్త్ర కార్యాలయం వెలసినది. 1918లో ఇది కూడా కార్నెగీ సంస్థ చేతికి వచ్చినది.

ఆ కార్యాలయం పని వంశవృక్షాలు సేకరించటమే. కార్యకర్తలు ఇంటింటికి తిరిగి, ఏ తాత తాగుబోతు, ఏ అవ్వ దరిద్రురాలు, ఎవరు మందబుద్ధి అని చుట్టుపక్కలవారిని అడిగి చీటీల మీద వ్రాసుకొన్నారు. నౌకాధికారుల కుటుంబాలను పరిశీలించి, సముద్రంపై ప్రేమ కూడా ఒక జన్యువు వలన సంక్రమిస్తుందని డావెన్‌పోర్ట్ 1919లో ప్రకటించాడు. ఓడల వాడలో పుట్టిన పిల్లవాడు తండ్రినీ తాతనూ చూచి ఓడ ఎక్కుతాడనే సామాన్య విషయం ఆయనకు తట్టలేదు. ఇది కార్నెగీ ముచ్చటలోని తర్కమే, శాస్త్రం దుస్తులు తొడిగింది.

దాని ఫలితం వినోదం కాదు. ఆ కార్యాలయపు పర్యవేక్షకుడు హారీ లాఫ్లిన్ అమెరికా శాసనసభ సంఘం ముందు నిపుణునిగా సాక్ష్యమిచ్చాడు. 1924 వలస చట్టం దక్షిణ, తూర్పు ఐరోపావాసుల రాకను మిక్కిలి తగ్గించి, ఆసియావాసులకు తలుపు దాదాపు మూసివేసినది. ఇదేగాక, అనేక రాష్ట్రాల చట్టాల క్రింద అరవై వేల మందికి పైగా స్త్రీ పురుషులకు నిర్బంధంగా సంతానం కలుగకుండా శస్త్రచికిత్సలు జరిగినవి. 1927లో అక్కడి సుప్రీం కోర్టు ఇట్టి చట్టాన్ని సమర్థించినది. కార్నెగీ సంస్థ ఆ కార్యాలయాన్ని 1939 చివర మూసివేసినది. ఇరవై పౌనుల అప్పుతో ఓడ ఎక్కిన ఒక వలసదారుని ధనం, ఇతర వలసదారులను వారి తాతల పేర చెప్పి వెనుకకు పంపటానికి ఉపయోగపడినది. కార్నెగీ దీనిని కోరాడని చెప్పటానికి ఆధారం లేదు, ఆ చట్టాల నాటికి ఆయన జీవించి లేడు. కాని తాత గుణం మనుమనికి వచ్చినదని నిశ్చయంగా చెప్పే అలవాటు ఎంత దూరం పోగలదో ఈ చరిత్ర చూపుతుంది.

ఉపాధ్యాయులకు ఒక సూచన

నేడు స్కాట్లండు జాతీయ దస్తావేజుల శాఖ తన పాత పుస్తకాలను ప్రపంచంలో ఎక్కడివారైనా కంప్యూటరు మీద చూచే వీలు కల్పించినది. ఉమ్మి నమూనా పంపితే పూర్వుల దేశాలను శాతాలలో తెలిపే వ్యాపార సంస్థలు ఉన్నవి. ఆ శాతాలు నేడు జీవిస్తున్న మనుష్యులతో పోల్చి కట్టిన అంచనాలు. పోల్చే సమూహం మారితే అంకెలు కూడా మారుతాయి. సాధనాలు పెరిగిన కొద్దీ సాక్ష్యాన్ని ఊహ నుండి వేరుచేసే నేర్పు మరింత అవసరమవుతున్నది.

కనుక ఈ అధ్యాయాన్ని తరగతిలో చదివించదగును. ఒక కాగితాన్ని మూడు గడులుగా విభజించమనండి. మొదటి గడిలో దస్తావేజు వలన రుజువు కాగల వాక్యాలు, రెండవ గడిలో కుటుంబ జ్ఞాపకం మాత్రమే ఆధారంగా గల వాక్యాలు, మూడవ గడిలో రచయిత ఊహించిన కారణాలు వ్రాయమనండి. విలియం కార్నెగీ నేతపని మొదటి దానిలోకి, పాటీమ్యూర్ తాత హాస్యం రెండవ దానిలోకి, ఆ హాస్యం మనుమనికి సంక్రమించినదన్న మాట మూడవ దానిలోకి పోతుంది. కొన్ని వాక్యాల దగ్గర విద్యార్థులు వాదించుకొంటారు. ఆ వాదనను తొందరపడి ఆపనక్కరలేదు.

మొత్తం మీద కార్నెగీ ఆత్మకథలోని ఈ భాగం ఒక చేనేత కుటుంబం కూలిపోయి తిరిగి లేచిన తీరుకు విలువైన సాక్ష్యం. ఒక వృత్తి ఎట్లు నశించినదో, బంధువుల ఆసరా వలసకు ఎట్లు దారి తీసినదో తెలుసుకొనదలచినవారు దీనిని తప్పక చదవవలె. అనువంశికతను గూర్చి తెలుసుకొనటానికి మాత్రం ఇది పనికి రాదు. ఆ విషయంలో ఆయన మాటకు, మన ఊరి అరుగు మీద వినే ముచ్చటకు మించిన విలువ ఇవ్వనక్కరలేదు.